తరిమెన పనియందు నునుపు: సాండరును, మెత్తను ఎంచుకొను విధము

వడ్రంగము నేర్వగోరు బాలుడు మొదట అడుగు ప్రశ్న "ఏ యంత్రము మంచిది?" అని. వాని తండ్రి అడుగు ప్రశ్న "దాని వెల యెంత?" అని. ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. కాని ఈ రెంటికిని ముందుగా అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. "నునుపు చేయవలసిన వస్తువు ఆకార మెట్టిది?" అనునదియే ఆ ప్రశ్న. దీనికి సమాధానము దొరకినచో తక్కిన రెండును తమంతట తామే తేలును. దొరకనిచో వెల పెట్టి కొన్న యంత్రము మూలబడును. లేదా శ్రమించి చెక్కిన వస్తువును చెరచును. ఒక కుటుంబము పత్తి యమ్మిన సొమ్ములోనుండి కొంత తీసి కుమారుని పనిముట్లకై యిచ్చునప్పుడు ఆ రూపాయలు వ్యర్థము కారాదు. అంతకంటెను ముఖ్యముగా, ఆ బాలుని ఊపిరితిత్తులు చెడరాదు. ఈ రెండు విషయములను దృష్టియందుంచుకొని, తరిమెనపై తిప్పి చేసిన కట్టె వస్తువులను నునుపు చేయు యంత్రములను గూర్చియు, వాని మెత్తలను గూర్చియు మేము ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

తరిమెన యనగా నేమో కొందరు పిన్నలకు తెలియకపోవచ్చును. కట్టెను రెండు కొనల నడుమ బిగించి గిరగిర త్రిప్పుచుండ, పనివాడు ఉలిని ఆనించి చెక్కు సాధనమే తరిమెన. నేడు దీనిని లేత్ యనియే యెల్లరును పిలుచుచున్నారు. మన యిండ్లలోని మంచపుకోళ్లు, కవ్వములు, అప్పడాల కర్రలు, పిల్లలాడు బొంగరములు దీనిపై పుట్టినవే.

1. నునుపు అనగా నేమి?

గరుకు కాగితము కట్టెను "రుద్ది" నునుపు చేయునని సామాన్యముగా అందరును తలంతురు. అది సరికాదు. గరుకు కాగితముపై అంటించిన ప్రతి రవ్వయు ఒక చిన్న ఉలి. దానికి మొన కలదు, అంచు కలదు. అది కట్టెను కోయును. కోసిన చోట ఒక గీత మిగులును. లావు రవ్వలు లోతైన గీతలను, సన్నని రవ్వలు సన్నని గీతలను గీయును. గీతలు కంటికి కనబడనంత సన్నమైనప్పుడు మనము ఆ వస్తువును "నునుపుగా నున్నది" అందుము. కావున నునుపు చేయుట యనగా గీతలను తొలగించుట కాదు. పెద్ద గీతలను తొలగించి వాని చోట చిన్న గీతలను నిలుపుట.

ఆ రవ్వలు ఏ పదార్థముతో చేయబడునో తెలిసికొనుట మంచిది. పూర్వము ఇసుకరాతి పొడిని, గాజుపొడిని, గోమేదికపు జాతి రాతిపొడిని వాడిరి. నేడు హెచ్చుగా వాడునది అల్యూమినియం ఆక్సైడు. ఇది కృత్రిమముగా చేసిన కురువిందమే. ఆంగ్లమున ఈ రాతికి గల కొరండమను పేరు, తమిళమున కురుందమనియు సంస్కృతమున కురువిందమనియు మన దక్షిణదేశమున వాడుకలోనున్న మాటనుండియే పుట్టినది. కాఠిన్యమును కొలుచు మోస్ మానమున వజ్రమునకు 10, కురువిందమునకు 9, సామాన్యమైన ఇసుకకు 7. రెండవది సిలికాన్ కార్బైడు. 1891వ సంవత్సరమున అమెరికా దేశీయుడగు ఎడ్వర్డు ఆచిసన్ దీనిని విద్యుత్కొలిమియందు కనుగొని కార్బోరండమని పేరిడెను. ఇది కురువిందముకంటె గట్టిది, కాని పెళుసైనది. కావున దీనిని సన్నని తరగతులలోను, తడిపి రుద్దు పనులలోను హెచ్చుగా వాడుదురు. కట్టె పనికి చాలవరకు అల్యూమినియం ఆక్సైడు చాలును.

2. గరుకు సంఖ్యలు

కాగితము వెనుక "పి 80", "పి 120" అని అచ్చువేసి యుండును. సంఖ్య పెరిగినకొలది రవ్వ సన్నమగును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఆ కొలత ప్రకారము పి 80 రవ్వ సగటున సుమారు 200 మైక్రానులు. పి 120 రవ్వ 125. పి 180 రవ్వ 82. పి 240 రవ్వ 58. పి 320 రవ్వ 46. పి 400 రవ్వ 35 మైక్రానులు ఉండును.

ఈ అంకెలను శ్రద్ధగా చూచినవారికి ఒక నియమము గోచరించును. ఒక మెట్టునుండి తరువాతి మెట్టునకు రవ్వ ఇంచుమించుగా మూడింట రెండు వంతులో, నాల్గింట మూడు వంతులో అగుచున్నది. ఇది యాదృచ్ఛికము కాదు. 200 మైక్రానుల రవ్వ చేసిన గీతను 125 మైక్రానుల రవ్వ కొంత శ్రమతో తీసివేయగలదు. దానిని 58 మైక్రానుల రవ్వతో తీయబూనినచో చేయి నొచ్చును, కాగితము అరగును, గీత మాత్రము నిలిచియుండును. పొడి కట్టెపై ఆ గీత కనబడక మోసగించును. నూనెగాని లక్కగాని పూసిన వెంటనే వెండితీగవలె మెరయుచు బయటపడును. అప్పుడు మొదటికి పోవుట తప్ప వేరు మార్గము లేదు. కావున మెట్లు దాటరాదు. ప్రతి మెట్టు ముగిసిన పిమ్మట ధూళిని తుడిచి, దీపమును పక్కనుండి పట్టి, గీతలను పరీక్షించిన పిమ్మటనే తరువాతి కాగితమును తీయవలెను. ధూళిని తుడువనిచో వెనుకటి మెట్టు లావు రవ్వ యొకటి మిగిలి క్రొత్త గీతలను గీయును.

ఇంకొక మాట. ఉలి చెరచిన పనిని కాగితము చక్కదిద్దదు. వాడియైన ఉలితో చక్కగా కోసిన వస్తువునకు పి 120తోనో పి 180తోనో ఆరంభింపవచ్చును. ఎప్పుడును పి 80తో ఆరంభింపవలసివచ్చుచున్నచో తప్పు కాగితమున లేదు, సాండరున లేదు. సానరాతిని మరచిన ఉలియందున్నది.

3. ఏటికొప్పాక నేర్పు పాఠము

యంత్రములను గూర్చి చెప్పుటకు ముందు తెలుగునాట తరిమెన పనికి పేరుగన్న గ్రామమును స్మరింపవలెను. అనకాపల్లి జిల్లాయందు వరాహనది యొడ్డున ఏటికొప్పాక కలదు. అచ్చటి పనివారు అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పి లక్కపిడతలను, బొమ్మలను, భరిణెలను చేయుదురు. ఈ బొమ్మలకు 2017వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. చెట్ల బెరడులు, వేళ్లు, గింజలు మున్నగు వాని నుండి తీసిన సహజ వర్ణములను మరల వాడుకలోనికి తెచ్చుటకై కృషిచేసిన శ్రీ సి. వి. రాజు గారికి 2023వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించినది. 2025వ సంవత్సరపు గణతంత్ర దినోత్సవమున ఢిల్లీయందు ఆంధ్రప్రదేశ్ శకటము ఈ బొమ్మలతోనే అలంకరింపబడినది.

ఆ పనివాడు వస్తువును చెక్కి, గరుకు కాగితముతో నునుపు చేసిన పిమ్మట, రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుచున్న కట్టెకు ఒత్తిపట్టును. రాపిడివలన వేడి పుట్టును. వేడివలన లక్క మెత్తబడి కట్టెకు అంటుకొనును. తరువాత మొగలి ఆకును మడచి ఒత్తిపట్టగా లక్క సమముగా పరచుకొని అద్దమువలె మెరయును. ఇందు రెండు పాఠములు కలవు. మొదటిది: అంత నునుపునకు సాండరు అవసరము లేదు. చిన్న బొమ్మకు వ్రేళ్లనడుమ పట్టిన కాగితపు ముక్కయు, ఒక ఆకును చాలును. రెండవది: తిరుగుచున్న కట్టెకు దేనినైనను ఒత్తిపట్టినచో వేడి తప్పక పుట్టును. లక్క పూయువాడు ఆ వేడిని పనిలో పెట్టుకొనును. నునుపు చేయువానికి అదే వేడి శత్రువు. ఇది యెట్లో ముందు చెప్పెదము.

4. సాండరు పనిచేయు విధము

రాండమ్ ఆర్బిటల్ సాండరను పేరు పెద్దది గాని, దాని రహస్యమును బొంగరము నెఱిగిన పిల్లవాడు ఇట్టే గ్రహింపగలడు. బొంగరము తన చుట్టు తాను తిరుగును. తిరుగుచునే నేలపై చిన్న చిన్న వలయములను గీయుచు పోవును. సాండరు అడుగున నుండు గుండ్రని మెత్తయు ఇట్లే రెండు గతులు గలది. మోటారు కడ్డీకి మెత్తను సరిగా నడుమ బిగింపక, కొంచెము ప్రక్కగా బిగింతురు. అందుచే మెత్త యంతయు చిన్న వలయమున ఊగును. ఇది మొదటి గతి. ఆ మెత్త బేరింగుపై స్వేచ్ఛగా నుండుటచే తన చుట్టు తాను మెల్లగా తిరుగును. ఇది రెండవ గతి. ఈ రెండును కలియుటచే ఏ రవ్వయు ఒకే త్రోవను మరల మరల నడువదు. గీతలన్నియు అన్ని దిక్కులకు చెదరిపోయి, ఒకే వరుసలో నిలిచి కంటిని పొడువకుండును.

ఇందుచే ఒక ముఖ్యమైన నియమము ఏర్పడుచున్నది. రెండవ గతి స్వేచ్ఛగా నుండునది. చేతితో గట్టిగా నొక్కినచో అది ఆగిపోవును. అప్పుడు మెత్త ఒకేచోట ఊగుచు, పందితోకవలె మెలిదిరిగిన గీతలను గీయును. కావున సాండరును నొక్కరాదు. దాని బరువే చాలును. దానిని నడుపుటయే చేతి పని.

మెత్త ఊగు వలయపు వ్యాసము సామాన్యముగా 2.5 మిల్లీమీటరులుగాని 5 మిల్లీమీటరులుగాని యుండును. 5 మిల్లీమీటరుల వలయమున ఒక చుట్టు సుమారు 15.7 మిల్లీమీటరులు. నిమిషమునకు 12,000 చుట్లు తిరిగినచో ప్రతి రవ్వయు నిమిషమునకు సుమారు 188 మీటరులు నడుచును. 2.5 మిల్లీమీటరుల వలయమైనచో అందు సగము. మొదటిది త్వరగా కోయును. రెండవది నిదానముగా కోసి మేలైన నునుపు నిచ్చును. ఒక యంత్రము మాత్రమే కొనువాడు వేగమును తగ్గించుటకు మీట గల దానిని ఎన్నుకొనవలెను. ఏలయనగా ఆ మీట యుండినచో ఒకే యంత్రము రెండు పనులకును కొంతవరకు ఉపకరించును.

5. ఏ వస్తువునకు ఏ సాధనము?

తరిమెనపై పుట్టు వస్తువులను మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటి తరగతి పొడవైన వస్తువులు: మంచపుకోళ్లు, కవ్వములు, అప్పడాల కర్రలు. మంచపుకోటికి కణుపులు, గాడులు, పదునైన అంచులు ఉండును. దానికి సాండరు ఆనించినచో కణుపు మొండియగును, గాడి పూడినట్లగును. ఇట్టివానికి యంత్రమే వలదు. కాగితపు ముక్కను మడచి, తరిమెనను నెమ్మదిగా త్రిప్పుచు, చేతితోనే పని ముగింపవలెను. చివర తరిమెనను ఆపి, కట్టె నార పొడవునకు నాలుగు మారులు కాగితమును నడిపినచో అడ్డగీతలు పోవును.

రెండవ తరగతి వెడల్పైన, చదునైన వస్తువులు: పళ్లెములు, పీటలు, పెద్ద మూతలు. 125 మిల్లీమీటరుల సామాన్యపు సాండరు ఇచ్చటనే రాణించును. వడ్రంగి బల్లలకును, తలుపులకును వాడు యంత్రమే యిది. కావున ఒకే కొనుగోలు రెండు వృత్తులకు పనికివచ్చును. ఇది వెడల్పున 150 మిల్లీమీటరులది కూడ దొరకును గాని, తరిమెన పనివానికి చిన్నదియే చేతికి ఒదుగును.

మూడవ తరగతి లోతైన వస్తువులు: గిన్నెలు, దొప్పలు, కుండలవంటి పాత్రలు. వీని లోపలి వంపున 125 మిల్లీమీటరుల మెత్త ఇమడదు. దాని అంచు తగిలి చంద్రవంకవంటి గాట్లు పడును. ఇచ్చట 50 మిల్లీమీటరులదిగాని 75 మిల్లీమీటరులదిగాని చిన్న మెత్త కావలెను. అట్టి చిన్న రాండమ్ ఆర్బిటల్ సాండరులు చాలవరకు గాలిఒత్తిడితో నడుచునవి. వానికి ఎడతెగక గాలినందించు పెద్ద కంప్రెసరు కావలెను. సాండరు వెల చూచి సంతసించి, కంప్రెసరు వెల చూచి దిగులొందుట మంచిది కాదు. కావున ఆరంభించువారికి రెండు చవుకైన మార్గములను సూచించెదము. ఒకటి, ఇంట నున్న విద్యుత్ బరమాకే చిన్న మెత్తను తగిలించుట. ఇది వలయమున ఊగదు, ఊరక తిరుగును. అయినను తరిమెనయు తిరుగుచుండుటచే గీతలు కొంతవరకు చెదరును. రెండవది, మోటారు లేని చేతి సాండరు. దీని పిడి చివర మెత్త బేరింగుపై స్వేచ్ఛగా నుండును. తిరుగుచున్న గిన్నెకు మెత్త యొక అంచును మాత్రమే ఆనించినచో గిన్నెయే మెత్తను త్రిప్పును. దీనికి కరెంటు ఖర్చు లేదు, రొద లేదు, వేడియు తక్కువ. నిదానమే దీని లోపము.

6. మెత్తలు

సాండరును ఎన్నుకొనుటయందు చూపు శ్రద్ధలో సగమైనను మెత్తయందు చూపువారు అరుదు. నిజమునకు కట్టెను తాకునది మోటారు కాదు, మెత్తయే. మెత్తలు గట్టివి, నడిమివి, మృదువైనవి యని మూడు విధములు.

గట్టి మెత్త వంగదు. అందుచే అది ఎత్తును కోయును, పల్లమును విడుచును. చదునును కాపాడును, అంచులను పదునుగా నిలుపును. పళ్లెపు నడిమి భాగమునకు ఇదియే తగును. మృదువైన మెత్త వంపునకు ఒదుగును. గిన్నె లోపలికి ఇది తగును. కాని దీనియందొక దోషము కలదు. కట్టెయందు గట్టి వలయములు, మెత్తని వలయములు ఒకదాని ప్రక్క నొకటి ఉండును. మృదువైన మెత్తతో చిరకాలము రుద్దినచో మెత్తని వలయములు హెచ్చుగా అరిగి, గట్టివి నిలిచి, ఉపరితలము దున్నిన చేనివలె చాళ్లు చాళ్లుగా నగును. కావున లావు రవ్వలకు గట్టి మెత్తయో నడిమి మెత్తయో, సన్నని రవ్వలకు మృదువైన మెత్తయో వాడుట క్షేమము. ఒకే మెత్త కొనగలవారు నడిమిదానిని కొని, దానిపై అతికించు పలుచని స్పాంజి పొరను ప్రత్యేకముగా కొనవలెను. ఆ పొర తగిలించినచో మృదువైనది, తీసినచో నడిమిది. పైగా ఆ పొర చవుకైనది. చెడినచో అదియే చెడును గాని అసలు మెత్త చెడదు.

గరుకు బిళ్లలు మెత్తకు అంటుకొనునది జిగురుచే కాదు, వెల్క్రో యను కొక్కెముల పట్టుచే. మన చేలగట్లపై నడచినప్పుడు ఉత్తరేణి గింజలు పంచెలకును పరికిణీలకును పట్టుకొనుట యెఱుగని వారుండరు. 1941వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశీయుడగు జార్జి డి మెస్ట్రాల్ తన కుక్క బొచ్చున చిక్కుకొన్న అట్టి ముండ్లకాయలను సూక్ష్మదర్శినియందు చూచి, వాని కొక్కెములను గమనించి, ఈ పట్టును కల్పించెను. ఈ కొక్కెములు సన్నని ప్లాస్టికు పోగులు. వేడి తగిలినచో అవి కరగి మొండియగును. అప్పుడు బిళ్ల ఊడి యెగురును. మెత్తలు త్వరగా చెడుటకు ముఖ్య కారణము గట్టిగా నొక్కుటయే.

బిళ్ల మెత్తకంటె కొంచెము పెద్దదిగా నుండుట మంచిది. అంచు వెనుకకు మడిగి, మెత్త అంచు కట్టెకు తగులకుండ కాపాడును. బిళ్ల పరిమాణమును గూర్చి ఒక చిన్న లెక్క: 75 మిల్లీమీటరుల బిళ్ల వైశాల్యము 50 మిల్లీమీటరుల బిళ్లకంటె రెండుంబావు రెట్లు. వెల రెండుంబావు రెట్లకు తక్కువైనచో, ఇమడగలిగినంతవరకు పెద్దదానిని వాడుటయే లాభము. టేకువంటి నూనెగల కట్టెలు రవ్వల సందులను పూడ్చును. అట్టివానికి పూడిక పట్టకుండ తెల్లని పూత పూసిన బిళ్లలు దొరకును. అరిగిన బిళ్లను పొదుపు పేర వాడుట పొదుపు కాదు. అరిగిన రవ్వ కోయదు. రాచి వేడిని మాత్రము పుట్టించును.

7. వేగమును వేడియు

280 మిల్లీమీటరుల వ్యాసము గల పళ్లెము నిమిషమునకు 300 చుట్లు తిరుగుచున్నదనుకొందము. దాని చుట్టుకొలత 280ని 22/7చే గుణింపగా 880 మిల్లీమీటరులు. కావున పళ్లెపు అంచు నిమిషమునకు 264 మీటరులు నడుచును. అదే పళ్లెమున నడిమికి దగ్గరగా 35 మిల్లీమీటరుల వ్యాసము గల వలయమును తీసికొన్నచో, దాని చుట్టుకొలత 110 మిల్లీమీటరులు. అది నిమిషమునకు 33 మీటరులు మాత్రమే నడుచును. ఒకే పళ్లెమున అంచు నడిమికంటె ఎనిమిది రెట్లు వేగముగా పోవుచున్నది! కావున సాండరును అంతట సమానముగా నిలిపినచో అంచు హెచ్చుగా అరిగి వేడెక్కును. నడుమ గీతలు మిగులును. అంచున త్వరగాను, నడుమ నిదానముగాను చేతిని నడుపవలెనని ఈ లెక్క బోధించుచున్నది. చెక్కునప్పటి వేగమునకంటె నునుపు చేయునప్పటి వేగమును తగ్గింపవలెననియు దీనివలననే తెలియుచున్నది.

వేడి మితిమీరినచో కట్టె పైపొరలోని తేమ హఠాత్తుగా పోయి, వెండ్రుకంత సన్నని నెఱ్ఱెలు పుట్టును. మన నల్లరేగడి నేల వేసవియందు నెఱ్ఱెలు వారుటకును ఇదియే కారణము కదా! నెఱ్ఱె పుట్టిన పిమ్మట ఏ కాగితమును దానిని మాన్పలేదు. చక్రమును ఆపి చేతితో తాకినప్పుడు కట్టె గోరువెచ్చనగా నున్నచో బాధలేదు. చురుక్కుమన్నచో ఒత్తిడిని, వేగమును తగ్గించి, బిళ్లను మార్చవలెను.

8. ధూళి

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. మన పిడుగురాళ్లవారికి ధూళిని గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. సున్నపు బట్టీల తెల్లని దుమ్ము ఆకులపై పేరుకొనుట మనము చూచుచునే యున్నాము. మిరపకాయలు దంచు ఇంట తుమ్మని వాడుండడు. కాని మిరపఘాటు మనకు హెచ్చరిక చేయును. ముక్కు మండి మనము బయటికి పోవుదుము. సన్నని కట్టెధూళి హెచ్చరింపదు. పది మైక్రానులకు లోపలి కణములు కంటికి కనబడక గాలియందు చాలసేపు తేలుచుండి, ఊపిరితో లోతునకు పోవును. సాండరు చేయు ధూళియందు అట్టి కణములు హెచ్చు. చిత్రిక పట్టునప్పుడు రాలు చుట్టలు నేలపై పడును. సాండరు ధూళి నేలపై పడక మనలోనికి పోవును.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995వ సంవత్సరమున ప్రచురించిన గ్రంథమున కట్టెధూళిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతియందు చేర్చినది. ముక్కులోపలి గూళ్లకు సోకు క్యాన్సరు ఇందు ముఖ్యము. ఇది చెప్పుట బాలురను భయపెట్టుటకు కాదు. సంవత్సరముల తరబడి రక్షణ లేక ధూళిని పీల్చిన పనివారికి కలుగు ప్రమాదమిది. రక్షణ సులభము, చవుక. కావుననే దానిని విడుచుట అవివేకము.

ఆ రక్షణ మూడు విధములు. మొదటిది, ధూళిని పుట్టిన చోటనే పట్టుట. మెత్తకును బిళ్లకును రంధ్రములుండి, సంచిగాని పీల్చు యంత్రముగాని తగిలించుటకు గొట్టము గల సాండరును ఎన్నుకొనవలెను. బిళ్ల రంధ్రములు మెత్త రంధ్రములతో సరిపోవునట్లు అతికింపవలెను. రెండవది, తలుపులు కిటికీలు తెరచి, గాలికి ఎదురుగా గాక గాలి తననుండి ధూళిని దూరముగా కొనిపోవునట్లు నిలుచుట. మూడవది, ముఖమునకు తగిన కవచము. మూతికి చుట్టిన తువాలు లావు పొట్టును ఆపును గాని సన్నని ధూళిని ఆపదు. ఎన్ 95 తరగతి ముఖకవచము ముక్కుకు బిగువుగా అమర్చుకొన్నచో ఆపును. దాని వెల ఒక పెద్ద బిళ్లల కట్ట వెలకంటె తక్కువ.

తరిమెనయొద్ద మరి రెండు జాగ్రత్తలు కలవు. వ్రేలాడు ఉత్తరీయము, పంచె చెంగు, గాజులు, జడ తిరుగుచున్న కట్టెకు చిక్కరాదు. గుడ్డ వెనుక గల గరుకు పట్టీని వ్రేలికి చుట్టుకొని ఎన్నడును పట్టరాదు. అది చిక్కినచో చిరుగదు, వ్రేలినే లాగును. చేతికర్ర నానించు ఇనుప ఆధారమును నునుపు చేయుటకు ముందే తీసివేయవలెను.

9. కొనుటకు ముందు

అంగడికి పోవువారు ఈ క్రమమును మనస్సున నుంచుకొనవలెనని మేము కోరుదుము. మొదట వస్తువు ఆకారమును నిశ్చయింపుడు. తరువాత కాగితపు మెట్లను, తరువాత మెత్తను, చివరకు యంత్రమును ఎన్నుకొనుడు. కోళ్లు చేయువానికి యంత్రమే వలదు. పళ్లెములు చేయువానికి 125 మిల్లీమీటరుల సాండరు, వేగపు మీట, ధూళి గొట్టము, నడిమి మెత్త చాలును. గిన్నెలు చేయువానికి చిన్న మెత్తయు, స్పాంజి పొరయు, మోటారు లేని పిడియు మొదటి సంవత్సరమునకు చాలును. ఏ యంత్రమైనను చేత పట్టి చూచి, దాని బరువు తమ మణికట్టు భరింపగలదో లేదో పరీక్షింపవలెను. దాని మెత్తలును బిళ్లలును గుంటూరువంటి దగ్గరి పట్టణమున దొరకునో లేదో విచారింపవలెను. మెత్త దొరకని యంత్రము నూనె దొరకని దీపమువంటిది. వీనియన్నిటితోపాటు ముఖకవచమును కూడ పట్టికలో మొదట వ్రాసికొనవలెను. చివర వ్రాసినచో సొమ్ము చాలక అదియే విడువబడును.

విద్యార్థులు స్వయముగా సాధించుటకై రెండు లెక్కలు. (1) 280 మిల్లీమీటరుల పళ్లెము నిమిషమునకు 300 చుట్లు తిరుగునప్పుడు దాని అంచునకు గల వేగమే 350 మిల్లీమీటరుల పళ్లెపు అంచునకును ఉండవలెనన్నచో, ఆ పెద్ద పళ్లెము నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగవలెను? (2) పి 120 నుండి పి 240కు ఒకేమారు దాటినచో రవ్వ ఎన్నవ వంతగును? ఆ దాటు మన నియమమునకు సరిపోవునా?

ఈ రెంటికి సమాధానములు కనుగొన్నవారు అంగడియందు మోసపోరు. మంచపుకోటిని పట్టుకొని లేచి నిలువ నేర్చు పసిబిడ్డ అరచేతికి ముల్లు గ్రుచ్చుకొనకుండుటయే తరిమెన పనివాని నునుపునకు తుది పరీక్ష. ఆ పరీక్షలో గెలిచి, అరువది యేండ్ల వయస్సునను దగ్గులేక ఊపిరి తీయగల పనివాడే తన సాధనములను సరిగా ఎన్నుకొన్నవాడు.